టీకా వేసినా బిడ్డకెందుకొచ్చింది?

‘టీకాలన్నీ వేయించినం గదా, మరి నా బిడ్డకు ఈ జబ్బెందుకొచ్చింది?’ వాడలో తల్లి అడిగే ప్రశ్న ఇది. జవాబు చెప్పకుండా ‘మీకు శుభ్రం లేదు’ అని తిట్టి పంపటం పెద్దవాళ్లకు అలవాటు. తల్లి తప్పేమీ లేదు. జవాబుంది.

మెదడు చుట్టూ ఉండే పొరలకు సూక్ష్మజీవి సోకితే వచ్చేది మెనింజైటిస్. దాన్ని తెచ్చేవాటిలో ముఖ్యమైనది న్యూమోకాకస్. అందులో వందకు పైగా రకాలున్నాయి. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు ప్రభుత్వం వేసే టీకా వాటిలో ముఖ్యమైన కొన్నింటినే ఆపుతుంది. పిల్లల్ని ఎక్కువగా చంపేవి అవే. అందుకే టీకా మానొద్దు. అమెరికాలో 2000లో ఏడు రకాల టీకా వచ్చాక జబ్బు బాగా తగ్గింది. కానీ అందులో లేని, మందులకు లొంగని 19ఏ రకం పెరిగింది. 2010లో దాన్నీ కలిపి పదమూడు రకాల టీకా తెచ్చారు. మన ప్రభుత్వ టీకా 2017లో కొన్నిచోట్ల మొదలై, దేశమంతా రావటానికి 2021 దాకా పట్టింది. డబ్బున్నోళ్ల పిల్లలకు ప్రైవేటులో ఏళ్ల ముందే పడింది!

మందుకు లొంగని జబ్బు కొత్తది కాదు. 1977లోనే దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పెన్సిలిన్‌కూ, క్లోరాంఫెనికాల్‌కూ లొంగని న్యూమోకాకస్ పిల్లల్ని బలి తీసుకుంది. నల్లవాళ్లను వెలివాడల్లో పెట్టిన రోజులవి.

జలుబుకూ యాంటీబయాటిక్ మింగిస్తే మామూలు క్రిములు చస్తాయి. మొండివి గొంతులో మిగిలి, ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. పైగా మందు మెదడు నీటిలోకి కొంచెమే చేరుతుంది. అందుకే అక్కడ కాస్త మొండితనమైనా ప్రాణం మీదికొస్తుంది. చీటీ లేకుండా పెద్ద యాంటీబయాటిక్స్ అమ్మకూడదని 2014 నుంచి రూలుంది. రూలు కాగితమ్మీద, సూది మన ఒంటిమీద! ఆర్ఎంపీని తిడితే లాభమేంటి? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుంటే కూలి డబ్బులు పోసి ఆయన దగ్గరికెందుకు పోతాం?

బిడ్డకు జ్వరంతో వాంతులు, ఫిట్సు, మెడ బిగుసుకోవటం, మాడు ఉబ్బటం, పాలు తాగకుండా మత్తుగా పడుండటం — వీటిలో ఏది కనిపించినా ఆగొద్దు. 108ని పిలవండి. వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయన్న భయం వద్దు. ఏ క్రిమో, ఏ మందుకు లొంగుతుందో చెప్పేది ఆ పరీక్షే. ఆలస్యమైతే బతికిన బిడ్డకు కూడా చెవుడు రావచ్చు.

సంఘాల మిత్రులారా! ప్రతి జిల్లా ఆసుపత్రిలో రాత్రీపగలూ ఆ పరీక్ష జరగాలి. ఖరీదైన మందులు ఉచితంగా ఉండాలి. ఏ వాడలో ఏ బిడ్డకు టీకా పడలేదో లెక్క తీయండి. ఆ లెక్క పట్టుకుని కలెక్టరాఫీసు ముందు కూర్చుందాం. ఇది దయ కాదు, మన పిల్లల బతుకు హక్కు.