తల ఊపితే అనాగరికమా?

ఇటీవల సిరిసిల్లలో, గల్ఫుకు పోదలచిన యువకుల కోసం ఏర్పాటు చేసిన ఒక శిక్షణ తరగతికి వెళ్ళి వెనుక వరుసలో కూర్చున్నాను. మా తంగళ్ళపల్లి శిష్యుడొకడు రమ్మంటే వెళ్ళాను. వ్యక్తిత్వ వికాసం బోధించే ఉపన్యాసకుడు తలను అటూ ఇటూ ఆడించి చూపి, "ఈ గంగిరెద్దు అలవాటును ఇక్కడే వదిలేసి విమానం ఎక్కండి. నాగరికులెవరూ ఇలా ఊపరు" అన్నాడు. పిల్లలు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. (గంగిరెద్దు తల ఊపేది పైకీ కిందికీ. పాపం, ఉపమానం కూడా కుదరలేదు.)

ఆ ఊపు అలవాటు కాదు, భాష. నందికేశ్వరుని అభినయదర్పణం తొమ్మిది శిరోభేదాలను చెప్పింది. భరతుని నాట్యశాస్త్రం పదమూడింటిని చెప్పింది. తలను కుడియెడమలకు తిప్పితే ధుతం. "లేదు" అనడానికి దానిని వాడమన్నాడు నందికేశ్వరుడు. అదే తలను చామరం వీచినట్లు ఇరుపక్కలకూ ఊపితే పరివాహితం. దాని వినియోగాలలో సంతోషమూ ఉంది, అనుమోదనమూ ఉంది. మన అంగడిలో, పొలంగట్టు మీద, మగ్గం దగ్గర "సరే" అనడానికి ఊగే తల అదే. కాదనడానికీ ఔననడానికీ వేర్వేరు చలనాలున్న చోట వ్యాకరణం లేదనడం తెలియనితనం. తెలియకపోవడం తప్పు కాదు గాని, తెలియనిదానిని వేదికెక్కి వెక్కిరించడం తప్పు.

ఇక నాగరికుల సంగతి. బల్గేరియాలో తల అడ్డంగా ఊపితే ఔను, నిలువుగా ఊపితే కాదు. ఆ దేశం యూరపులోనే ఉంది. ఎమిరేట్లలో పురుషులు ముక్కుకు ముక్కు ఆనించి పలకరించుకుంటారు. ఉపన్యాసకుడు వీరిలో ఎవరినీ ఏ పశువుతోనూ పోల్చలేదు. జీతమిచ్చేవాడి సైగ సంప్రదాయమట, జీతం పుచ్చుకునేవాడి సైగ మాత్రం మోటుతనమట!

అపార్థం వలన నష్టం జరుగుతుందన్న మాట మాత్రం నిజం. దానిని నేను కాదనను. నన్ను ఆ తరగతికి పిలిచిన శిష్యుడు మరమగ్గం మీద గిట్టుబాటు కాక ఎడారికి పోయినవాడు. మొదటి నెలలో అరబ్బు ఫోర్‌మన్ అయిదు వేళ్ళ కొసలూ కలిపి, చేతిని మెల్లగా పైకీ కిందికీ ఆడించాడట. "తినిరా పొమ్మంటున్నడనుకొని డబ్బ పట్టుకొని పోయిన సార్. మర్లి వచ్చేసరికి పని ఆగి ఉన్నది. ఆ పూట కూలి కోసిండ్రు" అన్నాడు. అరబ్బు సీమలో ఆ సైగకు "కాస్త ఆగు" అని అర్థం. నా శిష్యుడు చదివిన అర్థం కూడా శాస్త్రసమ్మతమే. ఆ హస్తం పేరు ముకుళం, దాని వినియోగాలలో భోజనం ఒకటి. రెండు భాషలు ఎదురుపడ్డాయి. కూలి మాత్రం ఒకడికే పోయింది.

కాబట్టి పరభాషను నేర్పినట్లే ఆ దేశపు సైగలనూ నేర్పాలి. అరికాలు ఎదుటివాని వైపు చూపవద్దని, పరాయి స్త్రీ తానుగా చేయి చాపనిదే కరచాలనానికి పోవద్దని, ఛాతీ మీద చేయి ఆనిస్తే గౌరవమని చెప్పాలి. ఎడమచేత్తో ఇవ్వకూడదన్నది మన తల్లులు ఎప్పుడో నేర్పారు. దాన్ని అక్కడా నిస్సంకోచంగా పాటించవచ్చని చెబితే పిల్లలకు ధైర్యం వస్తుంది. కొత్త భాష నేర్చుకోవడానికి అమ్మ భాషను చూసి సిగ్గుపడనక్కరలేదు.

తరగతి ముగిశాక టీ కొట్టు దగ్గర శిష్యుడు మరో సంగతి చెప్పాడు. యూరపు నుంచి వచ్చిన ఇంజినీరొకడు ఏదో పొరపాటు గురించి నిలదీస్తే ఇతడు నేల చూపులు చూశాడట. తప్పు చేసినవాడే కళ్ళు దించుకుంటాడని ఆయన తేల్చేశాడట. "పెద్దల కండ్లల్లకు చూడొద్దని మీరే నేర్పితిరి గద సార్" అన్నాడు, నిష్ఠూరంగా కాదు, నవ్వుతూనే.

నిజమే. నా కళ్ళలోకి తేరిపార చూసిన పిల్లలను "ఏమిట్రా ఆ చూపు" అని బెత్తం చూపి కూర్చోబెట్టినవాడిని నేను. ఆ చూపు మరోచోట నిజాయితీకి గుర్తు కావచ్చునని చెప్పడానికి ఒక్క నిమిషం సరిపోయేది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ నిమిషం నాకు దొరకలేదు. ఉపన్యాసకుడిని ఇంతసేపు తిట్టిన నోటితోనే ఈ మాటా ఒప్పుకోవాలి.

వచ్చే తరగతిలో నాకు అరగంట ఇమ్మని నిర్వాహకులను అడిగాను. ఇస్తే ముకుళంతో మొదలుపెడతాను.