పిల్లేగా అంటారేంటి!

మా చుక్కమ్మ పోయి పదకొండు రోజులైంది. ఈ పదకొండు రోజుల్లో నాకు దొరికిన ఓదార్పు ఒకటే మాట: "పిల్లేగా, ఇంకోటి తెచ్చుకోరాదూ!" అన్నవాళ్లు పరాయివాళ్లు కారు. మా ముదిగొండ వాళ్లే, మా వీధి వాళ్లే. మిర్చి బస్తాల పక్కన ఎలుక కనపడితే చుక్కమ్మను చంకనేసుకుని పోయి రెండు రోజులు ఇంట్లో ఉంచుకున్నవాళ్లే. అప్పుడు ఎవరూ పిల్లేగా అనలేదు.

అది ఎలుకల మందు తిని పోలేదు. కుక్కలు పట్టీ పోలేదు. పూల వల్ల పోయింది.

మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కు చుట్టాలెవరో ఖమ్మం నుంచి బొకే తెచ్చారు. తెల్లటి లిల్లీలు, ఒక్కోటి అరచేయంత ఉన్నాయి. లిల్లీ అంటే మనకు తెలిసింది దండల్లో గుచ్చే నేలసంపెంగ. దానివల్ల పిల్లికి ఏ హానీ లేదు. బొకేల్లో ఆసియాటిక్, ఓరియంటల్ అని పెట్టేవి వేరే జాతి. పేరొక్కటే. ఆ రెంటికీ తేడా ఉందని నాకు చెప్పిన మనిషి లేడు, నాకూ అడగాలని తోచలేదు. చెంబులో నీళ్లు పోసి, పూలు పెట్టి, టీవీ పక్కన ఉంచాను.

మర్నాడు సోమవారం. పొద్దున చూస్తే చుక్కమ్మ నుదుటి తెలుపు మీద, ముక్కు మీద కాషాయం రంగు పొడి. "అమ్మా, బొట్టు పెట్టుకుంది చూడు" అని అమ్మాయి నవ్వుతూ ఫొటో తీసింది. చుక్కమ్మ ముందుకాలితో ముఖం తుడుచుకుంది, ఆ కాలు నాక్కుంది. దాని చావుకు ఆ మాత్రం చాలింది. పుప్పొడి గానీ, ఆకు గానీ, ఆఖరికి కాడలు నానిన నీళ్లు గానీ కాస్త లోపలికి పోతే చాలు, పిల్లి కిడ్నీలు ఒకటి నుంచి మూడు రోజుల్లో దెబ్బతింటాయి. అదే కుక్క తింటే కడుపులో తిప్పి ఊరుకుంటుంది. పిల్లి ఒంటికి మాత్రం అది యముడు. ఇదేమీ నిన్న మొన్న కనిపెట్టిన సంగతి కాదు, 1990ల నుంచీ పశువైద్యులు రాస్తూనే ఉన్నారు.

సాయంత్రానికి కక్కింది. వెంట్రుకలేమోలే అనుకుని పెరుగన్నం పెట్టాను. మంగళవారం మందుల షాపులో అడిగితే పారాసిటమాల్ అర మాత్ర వెయ్యమన్నారు. ఆ మాత్రను పిల్లి లివర్ తట్టుకోలేదు, అది కూడా చంపేదే. ఎందుకో చెయ్యి రాలేదు, వెయ్యలేదు. "పిల్లులు కక్కకుండా ఉంటాయా, ఊకో అక్కా" అన్నారు పక్కింటివాళ్లు. బుధవారం నీళ్ల గిన్నె ముందు కూర్చుంది. మూతి నీళ్లకు ఆనించి అలాగే ఉంది. దాహం ఉంది, తాగలేకపోతోంది. పావుగంట సేపు ఆ మూతి కింద నీళ్లు కదల్లేదు. దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని, బండి మీద ఖమ్మం తీసుకుపోయాం.

అక్కడ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఇంట్లో లిల్లీ పూలున్నాయా?" అని. అంటే తెలిసినవాళ్లకు తెలుసు! తిన్న 18 గంటల్లోపు తెచ్చి సెలైన్ ఎక్కిస్తే చాలా పిల్లులు బతుకుతాయట. మేం పోయింది మూడో రోజు. గురువారం తెల్లారకముందే చుక్కమ్మ పోయింది.

మా ఊళ్లో చదువురాని రైతుకు కూడా పురుగుమందు డబ్బా మీద ఎర్ర త్రికోణం అంటే ఏమిటో తెలుసు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, ఏది ఎంత విషమో రంగుతో చెప్పాలని 1971 నుంచీ రూలుంది. మరి ఇంట్లోకి తెచ్చి టీవీ పక్కన పెట్టుకునే పూలకు చీటీ ముక్క ఎందుకు లేదు? బ్రిటన్ సూపర్ మార్కెట్లలో లిల్లీ పూల పొట్లం మీద పిల్లులకు ప్రమాదమని అచ్చువేసి అమ్ముతున్నారు. మన దగ్గర అచ్చు లేదు సరే, నోరైనా లేదా?

మన పెరటి విషాలు మనకు తెలుసు. గన్నేరు కాయ జోలికి పోవద్దని, జిల్లేడు పాలు కంట్లో పడనీయొద్దని పిల్లలకు చెప్పుకుంటూ వచ్చాం. కానీ ట్రాలీ ఆటోల్లో ఊరూరా తిరిగి అమ్మే కొత్త మొక్కల గురించి మా అమ్మకు తెలియదు, నాకూ తెలియదు. డిఫెన్‌బాకియా ఆకు కొరికితే సూదుల్లాంటి స్ఫటికాలు నోట్లో గుచ్చుకుని నాలుక వాచిపోతుంది. ఫంక్షన్ హాళ్ల గుమ్మాల్లో నిలబెట్టే సైకస్, దాని గింజ మరీనూ, పిల్లికైనా కుక్కకైనా లివర్‌ను తినేస్తుంది. వీటిని "అందంగా ఉంటుంది, నీళ్లు కూడా పెద్దగా అక్కర్లేదు" అని అంటగడుతున్నారు. 2024 మేలో కేరళ దేవస్వం బోర్డులు నైవేద్యంలో, ప్రసాదంలో గన్నేరు పువ్వు మానేశాయి. అదీ ఆ ఆకు నమిలిందని చెబుతున్న ఓ అమ్మాయి చనిపోయాక. మనిషి పోతేనే గాని కదలరా? పిల్లి పోతే లెక్కలోకి రాదా?

మొన్న ఆదివారం ఆ బొకే కట్టిన షాపుకు వెళ్లాను. బకెట్టులో అవే లిల్లీలు. విషయం చెప్పాను. "ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదమ్మా" అన్నాడు. ఇంటి నుంచి రాసి తీసుకెళ్లిన అట్టముక్క ఇచ్చాను: "పిల్లి ఉన్న ఇంటికి ఈ పూలు వద్దు". బకెట్టుకు కట్టమని అడిగాను. గిరాకీ పోతుందని తిరిగి నా చేతిలోనే పెట్టాడు.

ఆ అట్ట నా సంచిలోనే ఉంది. వచ్చే ఆదివారం మళ్లీ పోతాను. కట్టేదాకా పోతూనే ఉంటాను.