క్లాసంటే ఏందని అడిగిన పిల్లోణ్ణి చూసి నవ్వొద్దు

ప్లస్ టూ రిజల్ట్స్ వచ్చాయంటే చాలు, కాట్పాడి జంక్షన్ మొదలుకొని గుడియాత్తం బస్టాండు దాకా గోడలన్నీ కంప్యూటర్ సెంటర్ల పోస్టర్లతో నిండిపోతాయి. జావా, డాట్ నెట్, పైథాన్ అని పెద్ద పెద్ద అక్షరాలు. లుంగీలు నేసే ఇళ్లల్లోంచి, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలకి పోయే ఇళ్లల్లోంచి, బీడీలు చుట్టే ఇళ్లల్లోంచి పిల్లలు బీసీఏకో, బీఎస్సీ కంప్యూటర్ సైన్సుకో చేరతారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు. రెండో ఏడో మూడో ఏడో వాళ్లకి విండోస్‌లో నడిచే ప్రోగ్రాం రాయమని చెప్తారు. అప్పుడు ఎవడో ఒకడు ధైర్యం చేసి లేస్తాడు. 'సార్, క్లాసంటే ఏంది? ఆబ్జెక్టంటే ఏంది? రెండూ ఒకటేనా?'

క్లాసంతా నవ్వుతుంది. అయివోరు పుస్తకంలోని రెండు లైన్ల నిర్వచనం మళ్లీ ఒకసారి చదివి, రాసుకోమంటారు. పిల్లోడు రాసుకుంటాడు. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ అడగడు. నేను చెప్పేదేమంటే, ఆ ఏడాది మొత్తంలో ఆ క్లాసులో పుట్టిన అసలైన ప్రశ్న అదొక్కటే. దానికి జవాబు దొరక్కుండానే డిగ్రీ చేతికొస్తోంది. మన పిల్లల గొడవంతా అక్కడే ఉంది.

చరిత్ర చూస్తే ఈ క్లాసు అనే మాట గాల్లోంచి ఊడిపడింది కాదు. 1960లలో నార్వే రాజధాని ఓస్లోలో ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అనే ఇద్దరు సిమ్యులా అనే భాష తయారుచేశారు. 1967 నాటి సిమ్యులాలోనే క్లాసు, ఆబ్జెక్టు, వారసత్వం మూడూ ఉన్నాయి. వాళ్లకి కావలసింది గొప్ప సిద్ధాంతమేం కాదు. క్యూలో నిలబడ్డ మనుషులు, కౌంటర్లు, వచ్చేవాళ్లు, పోయేవాళ్లు - ఇట్లాంటి వ్యవహారాన్ని కంప్యూటర్లో నడిపించి చూడాలనుకున్నారు. వేలూరు సీఎంసీ ఆస్పత్రి ఓపీ దగ్గర పొద్దున్నే నిలబడితే మనకి కనబడేది కూడా అదే కదా. ఆ ఇద్దరికీ 2001 ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. సిమ్యులా చూసే బ్యార్నే స్ట్రౌస్ట్రప్ సీ భాషకి క్లాసులు తగిలించాడు, 1983లో దానికి సీ ప్లస్ ప్లస్ అని పేరొచ్చింది. ఇంకోపక్క అమెరికాలో జెరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో 1970లలో అలాన్ కే బృందం స్మాల్‌టాక్ తయారుచేసింది. కిటికీలు, మెనూలు, మౌసుతో నొక్కే తెర అక్కడే ఒక రూపానికి వచ్చింది. అంటే డెస్క్‌టాప్ ప్రోగ్రాము, ఆబ్జెక్టు ఒకే ఇంట్లో పెరిగిన బిడ్డలు. ఈ సంగతి ఒక్కటి ముందుగా చెప్పినా పిల్లలకి సగం బెదురు పోతుంది.

కూలి పుస్తకం చాలు

పుస్తకాల్లో క్లాసుకి ఉదాహరణ అడిగితే కారు అంటారు, కుక్క అంటారు. కారు ఒక క్లాసు, మారుతి ఒక ఆబ్జెక్టు అంటారు. చేతిలో సైకిలు కూడా లేని పిల్లోడికి ఇది ఎందుకు? గుడియాత్తంలో వాడికి తెలిసిన వస్తువు ఇంట్లోనే ఉంది. నేతగాళ్ల కూలి పుస్తకం. షావుకారు దగ్గర తెచ్చిన నూలు ఎంత, ఇచ్చిన లుంగీలు ఎన్ని, కూలి ఎంత, అడ్వాన్సు ఎంత - ఈ గళ్లన్నీ గీసి ప్రెస్సులో ఒక నమూనా కొట్టిస్తారు అనుకోండి. ఆ నమూనా క్లాసు. దానిమీద ఎవరి పేరూ ఉండదు, ఏ లెక్కా ఉండదు. కట్టలోంచి ఒక పుస్తకం తీసి మనిషి పేరు రాసినప్పుడు అది ఆబ్జెక్టు. ప్రోగ్రాంలో 'న్యూ' అని రాస్తామే, అది కట్టలోంచి కొత్త పుస్తకం తీయడమే. వందమంది నేతగాళ్లకి వంద పుస్తకాలు, నమూనా ఒక్కటే. ఒకరి పుస్తకంలో అడ్వాన్సు రాస్తే ఇంకొకరి పుస్తకంలో పెరగదు.

ఇదే పుస్తకంతో మిగతా ప్రశ్నలు కూడా తీరిపోతాయి. డాట్ నెట్‌లో కొత్తగా రాసే ప్రతివాడికీ ఒక ఎర్ర అక్షరాల తిట్టు తగులుతుంది. 'ఆబ్జెక్ట్ రెఫరెన్స్ నాట్ సెట్ టు ఆన్ ఇన్‌స్టన్స్ ఆఫ్ ఆన్ ఆబ్జెక్ట్' అని. ఇంగ్లీషు బాగా వచ్చినవాడికి కూడా ఇది అర్థం కాదు. సంగతి చిన్నదే. పేరైతే పెట్టుకున్నావు గానీ ఆ పేరుతో పుస్తకం తీయలేదు. లేని పుస్తకంలో కూలి రాయమంటే గుమాస్తా ఎక్కడ రాస్తాడు? అంతే దాని అర్థం.

ఇంకొక తికమక. ఒకే పుస్తకాన్ని ఇంట్లో ఒక పేరుతో, షాపులో ఇంకొక పేరుతో పిలిస్తే రెండు పుస్తకాలైపోవు. ప్రోగ్రాంలో 'బీ ఈజ్ ఈక్వల్ టు ఏ' అని రాసి, కాపీ అయిపోయిందనుకుని, బీ లో మార్చి, ఏ ఎందుకు మారిందబ్బా అని తల పట్టుకునే పిల్లలు ఎంతమందో. ఆబ్జెక్టుల విషయంలో అక్కడ జరిగింది రెండో పేరు పెట్టడమే, జెరాక్సు తీయడం కాదు. అంకెల సంగతి వేరు, అవి కాపీ అవుతాయి. ఈ తేడా మొదటి వారంలోనే చెప్పాలి. మన దగ్గర చెప్పేది ఎప్పుడో మూడో సెమిస్టర్లో, అదీ మార్కుల కోసం.

గోడమీద లుంగీకి ఇంత కూలి అని రాసిపెట్టిన బోర్డు ఒకటుంటే అది ఏ ఒక్కరి పుస్తకంలోదీ కాదు, అందరిదీ. స్టాటిక్ అంటే అదే, వీబీలో షేర్డ్ అంటారు. అడ్వాన్సు గడిని ఎవరు పడితే వాళ్లు కొట్టేయకుండా గుమాస్తా చేతిమీదుగానే మార్చాలన్న కట్టుబాటు ఉందే, దాన్నే ఎన్‌క్యాప్సులేషన్ అని పరీక్షలో ఎనిమిది మార్కులకి అడుగుతారు. నేసేవాడికి లుంగీ లెక్కన, అద్దకం చేసేవాడికి కిలో లెక్కన, వాచ్‌మన్‌కి నెల లెక్కన ఇవ్వాలి. అయినా షావుకారు చెప్పేది ఒకే మాట, 'కూలి లెక్క కట్టు' అని. ఎవరికి ఎట్లా కట్టాలో ఆయా పుస్తకమే చూసుకుంటుంది. పాలిమార్ఫిజం అనే నోరు తిరగని మాట వెనకున్నది ఇంతే.

వారసత్వం అంటే మాత్రం మనవాళ్లకి ఆస్తే గుర్తొస్తుంది. ఒక కుర్రోడు 'అప్పులు కూడా వస్తాయా సార్' అని అడిగితే అందరూ నవ్వారట. వస్తాయి మరి! పై క్లాసులో తప్పుంటే కింది క్లాసులన్నిటికీ ఆ తప్పు సంక్రమిస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ప్రతిదానికీ వారసత్వం పెట్టొద్దంటారు. ఆ కుర్రోడు అడిగింది తమాషా కాదు, బాగా ముదిరిన ప్రశ్న.

ఫారం ఒకటి, ఫారం రెండు

డెస్క్‌టాప్ ప్రోగ్రాముల్లో కొత్తవాళ్లు అందరికంటే ఎక్కువగా అడిగేది ఇది. మొదటి ఫారంలో పేరు కొట్టాను, రెండో ఫారంలో కనబడాలి, ఎట్లా? పిల్లోడు తనకి తెలిసినట్టు రెండో ఫారంలో 'న్యూ ఫారం1' అని రాస్తాడు. నడుస్తుంది, తప్పు కూడా చూపించదు. కానీ పేరు ఉండాల్సిన చోట ఖాళీ. ఎందుకంటే వాడు తెరమీదున్న ఫారాన్ని అడగలేదు, కట్టలోంచి ఇంకో కొత్త ఫారం తీసి దాన్ని అడిగాడు. కొత్తదాంట్లో ఏముంటుంది? ఫారం1 అనేది నమూనా పేరు, తెరమీద కనబడేది ఆ నమూనాతో తీసిన ఒక ఆబ్జెక్టు. రెండో ఫారాన్ని తెరిచేటప్పుడే మొదటిదాని చిరునామా దాని చేతికివ్వాలి, లేదా కావలసిన పేరొక్కటే ఇచ్చి పంపాలి. క్లాసుకీ ఆబ్జెక్టుకీ తేడా ఏంది అని మొదట్లో అడిగితే నవ్విన ప్రశ్నే ఇక్కడ వేరే వేషంలో తిరిగొచ్చింది.

ఇందులో పిల్లల తప్పు తక్కువ. 1998లో వచ్చిన వీబీ 6లో ఫారం పేరు రాస్తే చాలు, దానంతట అదే ఒక ఆబ్జెక్టు తయారై ఉండేది. 2002లో వీబీ డాట్ నెట్ వచ్చినప్పుడు ఆ సౌకర్యం తీసేశారు. 2005లో మళ్లీ తెచ్చారు. సీ షార్ప్‌లో మొదటినుంచీ లేనే లేదు. పాత వీబీ మీద నేర్చుకున్న అయివోరు ఆ అలవాటుతోనే చెప్తారు, పిల్లోడు సీ షార్ప్‌లో రాసి బోల్తా పడతాడు. వీబీ 6 తయారీ పనిముట్టుకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2008లోనే ఆగిపోయిందన్న సంగతి పాఠం చెప్పేటప్పుడైనా గుర్తుండాలి.

రెండో గుంపు ప్రశ్నలు ప్రోగ్రాం ఎక్కడ మొదలవుతుందని. సీ భాషలో మెయిన్ నుంచి కిందిదాకా వరసగా పోతుంది. విండోస్ ప్రోగ్రాం అట్లా కాదు. కొట్టు తెరిచి కూచున్న షావుకారులాగా ఎదురుచూస్తూ ఉంటుంది. బటన్ నొక్కితే ఒక గిరాకీ వచ్చినట్టు. ఆ గిరాకీకి రాసిపెట్టిన నాలుగు లైన్లు నడుస్తాయి, మళ్లీ ఎదురుచూపే. ఉన్న ఒక్క మనిషీ గోడౌన్లో మూటలు లెక్కపెట్టడానికి పోయాడనుకోండి, కౌంటర్ దగ్గర ఎవరు పిలిచినా పలకరు. తెర తెల్లబడి 'నాట్ రెస్పాండింగ్' అని పడేది అందుకే. పెద్ద పనిని బటన్ కింద పెట్టకుండా వేరే థ్రెడ్‌కి అప్పగించాలి. ఈ మాట ఏ రికార్డు నోటులోనూ రాయించరు.

కొన్న ప్రాజెక్టు, రాయని ప్రోగ్రాం

అసలు కోపం ఇక్కడ. చివరి ఏడు ప్రాజెక్టు చేయాలి. పేరోల్, లైబ్రరీ, హాస్పిటల్ - ఈ మూడు పేర్లే తిరగేసి మరగేసి వస్తుంటాయి. ఊళ్లో ప్రాజెక్టు సెంటర్లున్నాయి, డబ్బు కడితే ప్రోగ్రాముతో పాటు బైండింగు చేసిన పుస్తకం, వైవాలో చెప్పాల్సిన జవాబులు కూడా ఇస్తారు. మగ్గం మీద కూచున్న తండ్రి అప్పు తెచ్చి కడతాడు. పిల్లోడి ప్రాజెక్టు పేరోల్, వాడి ఇంట్లోనే కూలి లెక్క చిట్టీల మీద ఉంటుంది, ఆ రెండింటినీ కలపాలని ఎవరికీ తోచదు. తర్వాత హోసూరుకో బెంగళూరుకో ఇంటర్వ్యూకి పోతే అక్కడ అడిగేది ఆ మొదటి ప్రశ్నే, క్లాసుకీ ఆబ్జెక్టుకీ తేడా చెప్పు అని. నిర్వచనం చెప్తాడు. ఒక ఉదాహరణ రాయమంటే చెయ్యి ఆగిపోతుంది.

డెస్క్‌టాప్ కాలం అయిపోయింది, ఇప్పుడంతా ఫోన్లే కదా అనేవాళ్లున్నారు. గుడియాత్తంలో ఏ ఆడిటర్ ఆఫీసుకైనా పోయి చూడండి, టాలీ లేని చోటు దొరకదు. 1986లో మొదలైన బెంగళూరు కంపెనీది అది, డెస్క్‌టాప్ ప్రోగ్రామే. పోనీ ఫోనుకే రాసినా అక్కడా ఇవే క్లాసులు, ఇవే ఆబ్జెక్టులు, బటన్ నొక్కితే నడిచే ఇవే లైన్లు.

భాష సంగతి ఒకటుంది. తమిళనాడు ప్రభుత్వాన్ని ఇందులో మెచ్చుకోవాలి. ప్లస్ వన్, ప్లస్ టూ కంప్యూటర్ సైన్సు పుస్తకాలు తమిళంలో కూడా వేసింది. 2018లో ప్లస్ వన్‌కి వచ్చిన కొత్త పుస్తకంలో సీ ప్లస్ ప్లస్, మరుసటి ఏడు ప్లస్ టూకి పైథాన్ పెట్టింది. క్లాసుని 'ఇనక్కుళు' అని, ఇన్‌హెరిటెన్స్‌ని 'మరబురిమం' అని తమిళ పిల్లోడు తన మాటల్లో చదువుకుంటాడు. 2006 చట్టం తర్వాత మన పిల్లలూ బళ్లో తమిళం చదువుతున్నారు గనక వాళ్లకీ ఆ పుస్తకం పనికొస్తుంది, సిగ్గుపడాల్సింది లేదు. తమిళం వచ్చినవాడు తమిళంలో చదవనీ, ఇంగ్లీషు వచ్చినవాడు ఇంగ్లీషులో చదవనీ. అర్థం కాని చోట తెలుగులో అడిగే వీలు ఉండాలి. తెలుగు మాట్లాడే లెక్చరర్లు ఈ కాలేజీల్లో తక్కువేం లేరు. క్లాసులో వద్దు, క్లాసు అయినాక వరండాలో పది నిమిషాలు తెలుగులో చెప్తే ఎవరు కాదంటారు? చిత్తూరు, పలమనేరు నుంచి చదువుకోవడానికి ఇటు వచ్చే పిల్లలకి కూడా అది ఆసరా అవుతుంది.

తిరువళ్లువర్ విశ్వవిద్యాలయం 2002లో వచ్చింది, ఈ చుట్టుపక్కల ఆర్ట్స్ కాలేజీలు దాని కిందివే. ప్రాజెక్టు మన ఊరి వృత్తి మీదే చేయాలి, ఆ పని చేసే మనిషి ఒకరు వచ్చి వాడి చూడాలి అని కాలేజీలే ఒక పద్ధతి పెట్టుకోవచ్చు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో గ్రోసుల లెక్క, నేతగాళ్ల కూలి, టైలరు అంగడిలో కొలతల పుస్తకం, ఏదైనా సరే. కొన్న ప్రాజెక్టు షావుకారు ముందు రెండు నిమిషాలు నిలబడదు. 'అడ్వాన్సు కోతలో సగం పై వారానికి తోయాలి, ఎక్కడ నొక్కాలప్పా' అని ఆయన అడిగితే రాసినవాడే జవాబు చెప్పగలడు. తన లాప్‌టాప్‌లో నడిచింది షాపు కంప్యూటర్లో ఎందుకు నడవలేదో, అక్కడ డాట్ నెట్ లేకనా, డేటాబేసు దారి తన సీ డ్రైవ్‌ది రాసినందుకా అనేది కూడా అప్పుడే తెలిసొస్తుంది. డబ్బు లెక్కకి డబుల్ వాడితే పైసల్లో తేడా వస్తుందని, డెసిమల్ వాడాలని కూలి తీసుకునేవాడు వచ్చి అడిగినప్పుడు ఒక్కసారికే బుర్రకెక్కుతుంది.

దీనికి పెద్ద ఖర్చేం లేదు. పైథాన్ ఉచితం, దాంతోనే టీకింటర్ వస్తుంది, కిటికీలూ బటన్లూ చేసుకోవచ్చు. సీ షార్ప్ కావాలంటే విజువల్ స్టూడియో కమ్యూనిటీ 2014 నుంచి విద్యార్థులకి ఊరికే దొరుకుతోంది. 2011లో మొదలైన ప్రభుత్వ పథకంలో వచ్చిన పాత లాప్‌టాప్ ఇంట్లో పనిచేస్తూ ఉంటే టీకింటర్‌కి అది చాలు. ఏ భాషతో మొదలుపెట్టాలని అడిగే పిల్లలకి నేను చెప్పేది, మీ ఊళ్లో అడిగితే చెప్పేవాళ్లు ఏ భాషకి ఉన్నారో దాంతో మొదలుపెట్టండి. మొదటి వారం ఒక్క క్లాసు రాయండి, కూలి పుస్తకం. దాంట్లో పేరు, లుంగీల లెక్క, అడ్వాన్సు. రెండు ఆబ్జెక్టులు తీసి, ఒకదాంట్లో అడ్వాన్సు రాసి, రెండోదాంట్లో పెరిగిందో లేదో చూడండి. ఫారాలూ బటన్లూ రెండో వారం.