రామ్, భీమ్ దోస్తులే... అయితే?

‘ఆర్ఆర్ఆర్’ 2022లో వచ్చింది. రామ్, భీమ్ స్నేహానికి మనం థియేటర్లో ఈలలు వేశాం. అదే సినిమా చూసిన విదేశీ ప్రేక్షకుల్లో చాలామంది ‘వీళ్లిద్దరిదీ ప్రేమ కదా’ అన్నారు. బొమ్మలు గీశారు, సొంతంగా కథలు రాసుకున్నారు. మనవాళ్లలో కొందరు నవ్వారు, కొందరు తిట్టారు.

మనవాళ్ల మాటలో పాయింట్ ఉంది. మన దగ్గర మగ స్నేహితులు భుజాల మీద చేతులేసుకుని తిరుగుతారు, ఒకే కంచంలో తింటారు. అది మనకి మామూలే. పైగా రామ్‌కి సీత ఉంది, భీమ్‌కి జెన్నీ ఉంది. కథ ప్రకారం వాళ్లు దోస్తులే, ఒప్పుకుంటా.

కానీ హీరో, హీరోయిన్ ఒక్కసారి చూసుకుంటే చాలు, ‘లవ్’ అని ఫిక్సయిపోతాం. ఎవరూ ప్రూఫ్ అడగరు. ఒకడు ఇంకొకణ్ణి జైలు నుంచి భుజాల మీద మోసుకొస్తే మాత్రం ప్రేమ అనే ఊహ కూడా తప్పేనా? ఇదెక్కడి లాజిక్?

ఇలా ఊహించుకోవడం కొత్తేం కాదు. 1970లలోనే ‘స్టార్ ట్రెక్’ ఫ్యాన్స్, ఎక్కువగా ఆడవాళ్లు, కిర్క్, స్పాక్‌లను ప్రేమికులుగా రాసి చిన్న పత్రికల్లో వేసుకున్నారు. రెండు పేర్ల మధ్య పెట్టిన గీత వల్లే ఆ కథలకి ‘స్లాష్’ అని పేరొచ్చింది.

పోనీ, కథే ఆ ప్రేమని చూపిస్తే ఒప్పుకుంటామా? 2014 డిసెంబరులో ‘ద లెజెండ్ ఆఫ్ కోరా’ చివరి సీన్‌లో కోరా, అసామీ చేతులు పట్టుకుని ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడూ కొందరు ‘ఫ్రెండ్సే’ అన్నారు. చివరికి సిరీస్ తీసినవాళ్లే ‘అది ప్రేమే’ అని విడిగా రాయాల్సొచ్చింది. అబ్బాయి, అమ్మాయి అయితే ఆ అవసరం వచ్చేదా?

‘ఆర్ఆర్ఆర్’ని ఒక పేరున్న సౌండ్ డిజైనర్ ‘గే లవ్ స్టోరీ’ అన్నప్పుడు, ‘బాహుబలి’ నిర్మాత శోభు యార్లగడ్డ, అది అలాంటి కథ కాదని చెబుతూనే, ఒకవేళ అయినా అందులో తప్పేముందని అడిగారు. నాకు నచ్చిన జవాబు అదే. చాలామంది మొదటి సగం చెప్పి ఆగిపోతారు. రెండో సగమే ముఖ్యం.

ఎందుకంటే 2018లో సుప్రీంకోర్టు అది నేరం కాదని చెప్పినా, మన హాస్టళ్లలో ‘గే’ అనేది ఇంకా తిట్టే. మన పక్కనే కూర్చుని సినిమా చూస్తున్న ఫ్రెండ్ గే కావచ్చు. మనం ‘ఛీ’ అన్నది రామ్, భీమ్‌లకి వినపడదు. వాడికి వినపడుతుంది. ఇక తన సంగతి మనకి ఎప్పటికీ చెప్పడు.

కాబట్టి దోస్తులే అని గట్టిగా వాదించండి, నేనూ మీ వైపే. ఆ ‘ఛీ’ ఒక్కటి తీసేసి వాదించండి.