పేరంటమునాటి పిల్లలాటలు

మొన్నటి సంక్రాంతి పేరంటమున మా యింట నార్గురు బాలికలచే పీటలాట యాడించితిమి. అయిదు పీటల చుట్టును తిరుగుచు, పాట యాగగానే కూర్చుండవలెను. పీట దొరకనివారు తొలగవలెను. అయిదేండ్ల చిన్నది మొదటనే యోడి, ఆట ముగియువరకు గోడ కానుకొని మౌనముగ నుండెను. ఆట యెక్కువగ కావలసిన పసిదానినే వెలివేసితిమిగదా యని మేము సిగ్గుపడితిమి.

మరల నాడించునపుడు పీటలను తీసితిమి గాని పిల్లలను తీయలేదు. మిగిలిన పీటలపై నందఱును సర్దుకొనిరి. తుద కొక్క పీటపై నార్గురును తలకొక పాదము మోపి, చిన్నదానిని నడుమ నుంచి పట్టుకొనిరి. అందఱికంటె ముందుగ నవ్వినది ఆ చిన్నదియే.

ఆట నెంచునపుడు, గెలిచినవారి కేమి బహుమానమీయవలెనని గాక, ఓడినవా రెచ్చట కూర్చుందురో ముందు యోచింపుడు.