కొండ మెట్లు కడిగే మిషను, వేలి మీద చిన్న చుక్క



మన తెలుగు దేశంలో ప్రార్థనకూ కొండకూ పాత చుట్టరికం ఉంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున జూవెట్ దొరగారు, ఆయన భార్య, వారితో ఉన్న తెలుగు విశ్వాసులు ఒంగోలులో ఒక కొండ ఎక్కి ప్రార్థన చేశారు. ప్రార్థన కొండ అనే పేరు దానికి అలా నిలిచిపోయింది. బెజవాడ గుణదల కొండ మీద మరియమాత స్వరూపాన్ని 1924లో నిలిపారు. విశాఖపట్నం రేవు పక్కన రాస్ హిల్ మీద చర్చి ఉంది. ఇవి అందరికీ తెలిసినవి. ఊరి బయట గుట్ట మీద, నలభై యాభై మెట్ల పైన నిలబడి ఉన్న చిన్న మందిరాలు ఇంకెన్నో ఉన్నాయి. ఈ నెల నా మాట ఆ మెట్ల గురించి.

వానలు వెనకబట్టేసరికి ఆ మెట్ల మీద పాచి పడుతుంది. నీడ పట్టున ఉన్నవైతే పాకుడు మరీ ఎక్కువ. క్రిస్మస్ ముందు వాటిని కడగాలి. కడగకపోతే ఆరాధనకు వచ్చే పెద్దవాళ్లు జారిపడతారు. తుంటి ఎముక విరిగిన అవ్వలను మా ఆర్థో వార్డులో చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. కనుక మెట్లు కడగడం ముస్తాబు పని అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అది ఆరోగ్యం పనే.

ఇదివరకు ఈ పని చీపుళ్లతో, కొబ్బరి పీచుతో, బ్లీచింగ్ పౌడరుతో జరిగేది. యౌవనస్థులు నీళ్లు మోసేవారు, స్త్రీల సమాజం వారు రుద్దేవారు. ఇప్పుడు చాలాచోట్ల బండ్లు కడిగే సర్వీసింగ్ మిషన్ను ఒక రోజుకు అద్దెకు తెస్తున్నారు. ప్రెషర్ వాషర్ అంటాం కదా, అదే. ఇరవై మంది రోజంతా రుద్దే పాచిని అది పూటలో లేపేస్తుంది. నడుము నొప్పులున్న మన ఆడవారికి అది మేలే. మిషను వద్దని నేను అనను. ఏటవాలు మెట్ల మీద దాన్ని ఎవరి చేతికి ఇస్తున్నాము, ఎలా ఇస్తున్నాము అన్నదే నా అభ్యంతరం. సాధారణంగా ఎవరు ఉత్సాహంగా ముందుకొస్తే ఆ కుర్రవాడి చేతికి, లేదా చెప్పులు కూడా లేని కూలీ మనిషి చేతికి అది పోతోంది. గన్ను నొక్కితే నీళ్లొస్తాయి, ఇందులో నేర్చుకునేది ఏముంది అనుకుంటారు.

ఏముందో చెబుతాను. బైకు టైరులో గాలి 30 పాయింట్ల దగ్గర ఉంటుంది. పంక్చరు షాపులో మీరు చూసే లెక్క అది. ఈ మిషను గన్ను చివర అదే లెక్కలో 1,500 నుంచి 2,000 వరకు ఉంటుంది. పెట్రోలుతో నడిచే పెద్దవి 3,000 దాటుతాయి. మనిషి చర్మాన్ని చీల్చడానికి సుమారు 100 చాలు. అంటే ఆ నీరు పక్కనున్నవాడి పాదం మీదో, పట్టుకున్నవాడి ఎడమ చేతి చూపుడు వేలి మీదో దగ్గరగా తగిలితే సూదిలాగా లోపలికి పోతుంది. రబ్బరు గ్లౌజు దాన్ని ఆపదు. పాచి పట్టిన మెట్టు మీద కాలు జారినప్పుడు మనిషి చేసే మొదటి పని చేతిలో ఉన్నదాన్ని గట్టిగా బిగించి పట్టుకోవడం. గన్ను ట్రిగ్గరు ఆ పట్టులోనే ఉంటుంది. పడేవాడి చేతిలో అది ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు.

ఇక్కడే వైద్యుడిగా నాకు అసలు భయం. ఆ దెబ్బ చూడటానికి ఏమీ అనిపించదు. వేలి మీద చీమ కుట్టినంత చుక్క, ఒక బొట్టు రక్తం. మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. పసుపు అద్దుకుంటారు, గుడ్డ చుట్టుకుంటారు, మిగిలిన మెట్లు కడుగుతారు. లోపల జరిగేది వేరు. వేలిలో ఖాళీ జాగా తక్కువ. లోపలికి పోయిన నీరు వేలిని ముడిచే నరాల వంటి తాళ్లున్నాయే, వాటి తొడుగుల వెంట అరచేతి వరకూ పాకుతుంది. వేలు వాస్తుంది. ఆ వాపు రక్తం పారే దారులను నొక్కుతుంది. వట్టి నీరైతే రంగు, గ్రీజు వంటి వాటికంటే కీడు తక్కువన్న మాట నిజమే. కాని మెట్లు కడిగే నీరు వట్టి నీరు కాదు. అందులో సబ్బు ఉంటుంది, పాచి ఉంటుంది, మట్టి ఉంటుంది, కొందరు యాసిడ్ కూడా కలుపుతారు. ఆలస్యమైతే చీము పడుతుంది, వేలు తీసేయవలసి రావచ్చు. రోజు కూలీకి పోయేవాడికి చూపుడు వేలు లేకపోతే తాపీ పట్టడం, కొడవలి పట్టడం ఎలాగో ఆలోచించండి.

కనుక ఒక టి.టి. ఇంజక్షను, రెండు బిళ్లలు తీసుకుని ఇంటికి పోవడం ఈ దెబ్బకు చాలదు. ఊళ్లో మొదట చూసే డాక్టరు గారిని నేను తప్పు పట్టడం లేదు. పైకి కనిపించేది చుక్కే కదా, ఆయనకు మాత్రం ఏం తెలుస్తుంది. మిషను గన్ను తగిలిందని మనమే చెప్పాలి. చేతి ఆపరేషను చేయగల ఆసుపత్రికి ఆ గంటలోనే బయలుదేరాలి.

ఇక వాలు సంగతి. గన్ను నొక్కగానే నీరు ముందుకు పోతుంది, గన్ను వెనక్కి తంతుంది. చదును నేల మీద ఆ తన్నుకు ఒక అడుగు వెనక్కి వేస్తాం, అంతే. మెట్ల కింద నిలబడి పైకి కొట్టేవాడికి వెనక అడుగు వేయడానికి నేల లేదు. పైగా కడిగిన పాకుడంతా అతని పాదాల మీదికే వస్తుంది. నేను చూసినంతలో పది మందిలో ఎనిమిది మంది ఇలాగే చేస్తారు, ఎందుకంటే మిషను కిందనే ఉంటుంది, కింద నుంచే మొదలుపెడతారు. పై చప్టా మీద నిలబడి కిందికి కొట్టేవాడిని అదే తన్ను కొండవైపుకు నెడుతుంది. జారినా పై మెట్టు మీద కూలబడతాడు. మురికి అతనికి దూరంగా పోతుంది. పై నుంచి రెండు మెట్లు కడగాలి, పాకుడు పూర్తిగా పోయిందని చూసుకోవాలి, గన్ను ఆపాలి, అప్పుడు కడిగిన మెట్టు మీదికి దిగాలి. కడగని మెట్టు మీద కాలు పెట్టకూడదు, వెనక్కి నడవకూడదు. గోడ పైభాగం అందలేదని మెట్ల మీద నిచ్చెన వేసి గన్ను పట్టుకుని ఎక్కడం మాత్రం ఎంత అనుభవం ఉన్నవాడికీ వద్దు. పొడుగు గొట్టం దొరుకుతుంది, అది తెప్పించండి.

మిషన్ను వాలు మీద పెట్టకూడదు. చదును చోట పెట్టి చక్రాలకు రాళ్లు అడ్డం వేయాలి. పెట్రోలు ఇంజను ఒరిగి ఉంటే లోపలి ఆయిలు ఒక పక్కకు చేరిపోతుంది, ఇంజను పట్టేస్తుంది, పెట్రోలు కారవచ్చు. వాన వస్తోందని దాన్ని చర్చి వసారాలోకి లాగి తలుపులు వేసి నడపడం ఇంకా ప్రమాదం. ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు. నీళ్లు నిండిన పైపు బరువుగా ఉంటుంది, వాలు మీద అది కిందికి లాగుతూనే ఉంటుంది. అందుకని కొంత వదులు ఉంచి అక్కడక్కడ రెయిలింగుకు కట్టాలి. లేకపోతే మనిషిని లాగేది అదే.

కరెంటు మిషనుకు కొండ మీద ఒక చిక్కు ఉంది, చదును చోట అది కనబడదు. పైన పోసిన నీరంతా చేరేది అడుగునకే. మన వైరు జాయింటు, ప్లగ్గు ఉండేదీ అక్కడే. జాయింటును నేల మీద వదలకుండా ఎత్తున కట్టాలి. ఎర్తింగు ఉన్న పాయింటు నుంచే, 30 మిల్లీ యాంపియర్లకు పడిపోయే ఇ.ఎల్.సి.బి. పెట్టి కరెంటు ఇవ్వాలి. స్విచ్చి దగ్గర ఒక మనిషి నిలబడాలి. గన్ను పట్టినవాడిని చూస్తూ ఉండటమే అతని పని, ఫోను చూడటం కాదు. మెట్ల అడుగున తాడు కట్టి పిల్లలను రానివ్వకండి.

చెయ్యి నొప్పి పుడుతుందని కొందరు ట్రిగ్గరును తాడుతో కట్టేస్తారు. అలా కట్టిన గన్ను చేయి జారితే పాములా లేస్తుంది. మిషను ఆపాక కూడా పైపులో ఒత్తిడి మిగిలే ఉంటుంది. స్విచ్చి తీసేసి, గన్ను ఒకసారి నొక్కి ఆ నీరు వదిలేశాకే నాజిలు మీద చెయ్యి వేయాలి. నీరు సరిగా వస్తోందా లేదా అని వేలు అడ్డం పెట్టి చూసే అలవాటు ఎలా వచ్చిందో గాని, ఆ చుక్క దెబ్బలకు అది పెద్ద దారి. నాజిళ్లలో ఎరుపు రంగుది సూదిలాంటి ధార, దాన్ని అసలు పెట్టెలోంచే తీయకండి. తెలుపుది వెడల్పుగా చిమ్ముతుంది, పాచికి దానితో మొదలుపెట్టండి. మన పాత మిషనరీల కాలపు మెట్లు సున్నంతో కట్టినవి. సూది ధారతో కొడితే సందుల్లోని సున్నం ఊడి రాళ్లు కదులుతాయి. పాచి పోయి మెట్టు ఊగితే లాభమేమిటి?

బ్లీచింగ్ పౌడరు, బాత్రూం యాసిడ్ ఒకే రోజు ఒకే మెట్టు మీద వాడవద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది గాలికంటే బరువు. పైన కలిపితే కింద చీపురు పట్టినవారికి ఊపిరాడదు.

సంఘ పెద్దలకు ఒక మనవి. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం మీకు తెలుసు. కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని, ఎవరైనా పడితే ఆ దోషం ఇంటి మీదికి వస్తుందని అక్కడ ఆజ్ఞ. పడినవాడు అజాగ్రత్తగా ఉన్నాడా అని అక్కడ అడగలేదు. మన కమిటీలలో మాత్రం దెబ్బ తగిలాక మొదట వచ్చే మాట, వాడే చూసుకోవలసింది అని. సున్నానికి, స్టార్ బల్బులకు, కేకులకు ఎస్టిమేటు వేస్తాం. గమ్‌బూట్లకు, కళ్లద్దాలకు, మిషన్ను నడపడం వచ్చిన మనిషి కూలీకి వేయం. ఆ మూడింటికీ అయ్యే ఖర్చు ఒక మంచి సౌండు సిస్టం ఒక పూట అద్దెకంటే ఎక్కువ ఉండదని నా అంచనా. దెబ్బ తగిలితే ఆసుపత్రి బిల్లు సంఘం కడుతుందా లేదా అన్నది కూడా ముందే తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో రాయండి. కూలీ మనిషి ఇంటికి పోయి పసుపు పెట్టుకోవడానికి సగం కారణం ఆ బిల్లు భయమే. డబ్బు సంగతి ముందే తేలితే ఆ గంటలోనే బయలుదేరుతాడు. మెట్లు నిలువుగా ఉండి రెయిలింగు లేకపోతే మిషను మాట మానుకోండి. ఆ చోట చీపుర్లే మంచివి, ఇంకో రోజు పట్టినా పట్టనివ్వండి.

ఒకవేళ గన్ను తగిలితే ఇలా చేయండి. మిషను ఆపండి. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, చేతి తాడు తీసేయండి. చేతిని గుండెకంటే ఎత్తుగా పట్టుకోండి. పైన శుభ్రమైన గుడ్డ వదులుగా వేయండి. నొక్కి నీరు తీయాలని చూడవద్దు, గట్టిగా కట్టవద్దు, కాపడం వద్దు. ఆపరేషను అవసరపడవచ్చు కాబట్టి డాక్టరు చూసేవరకు కాఫీ టిఫిను ఇవ్వవద్దు. మెట్ల మీద నుంచి పడి తలకో మెడకో దెబ్బ తగిలినవారిని లేపి కూర్చోబెట్టకుండా, కదపకుండా 108కి ఫోను చేయండి.

క్యాజువాల్టీలో వేలు తెగింది అని మాత్రం చెప్పకండి. ప్రెషర్ గన్ను తగిలింది అని చెప్పండి. ఎన్ని గంటలకు తగిలింది, నీటిలో ఏం కలిపారు, మిషను మీద ఎంత ఒత్తిడి రాసి ఉంది, ఈ మూడూ ఒక చీటీ మీద రాసి రోగి చొక్కా జేబులో పెట్టి పంపండి. వెంట వచ్చినవారు కంగారులో మరచిపోతారు.