మన స్టేషన్ ఏది?

బదిలీ ఉద్యోగుల ఇళ్లలో తరచూ వినబడే ఇంగ్లీషు మాట 'స్టేషన్'. "ఈ స్టేషన్‌లో ఇంకో ఏడాది ఉంటాం", "నాన్నగారు ఔట్ ఆఫ్ స్టేషన్", "అది హార్డ్ స్టేషనట" అని వింటూనే మనం పెరిగాం. చాలామందికి స్టేషన్ అంటే రైలు ఆగే చోటు. మనకు మాత్రం అది ఒక ఊరు, ఒక క్వార్టర్సు, మధ్యలో వదిలి వచ్చిన స్నేహితులు. ఇంత బరువు మోసే మాటకు ఒక్క అర్థం బట్టీ పట్టి ఊరుకుంటే చాలదని మా అభిప్రాయం.

లాటిన్ భాషలో 'స్టారే' అంటే నిలబడటం. స్టేషన్ అక్కడి నుంచే పుట్టింది. సంస్కృతంలోని 'స్థా' ధాతువుదీ ఆ కుటుంబమే. సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలకు ఒకే మూలం ఉండి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పారు. అలా చూస్తే, సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన 'స్థానం', 'స్థలం' ఈ స్టేషన్‌కు దూరపు చుట్టాలే. పోలీసు స్టేషన్‌ను మనం ఠాణా అంటాం. అది కూడా 'స్థానం' నుంచి హిందీ మీదుగా మన దగ్గరికి చేరిన మాటే. ముంబయి పక్కనున్న ఠాణే పాత పేరు స్థానక. మన దేశంలో తొలి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బోరీ బందర్ నుంచి బయలుదేరి ఆ ఊరికే వెళ్లింది. అంటే 'ఠాణే స్టేషన్' అన్నప్పుడల్లా ఒకే మాటను రెండు వేషాల్లో పలుకుతున్నామన్నమాట!

పూర్వం ఐరోపాలో ఊరూరా తిరిగి అమ్మేవాళ్లు వేరు, ఒకేచోట దుకాణం పెట్టి పుస్తకాలు అమ్మేవాళ్లు వేరు. రెండోవాళ్లను స్టేషనర్లు అన్నారు. వాళ్లు అమ్మే సరుకే స్టేషనరీ అయింది. కంపెనీ రోజుల్లో మన దేశంలో ఇంగ్లీషు అధికారులు కాపురముండే ఊరు 'స్టేషన్'. వాళ్లు ఎండాకాలం గడిపిన సిమ్లా, ఊటీ హిల్ స్టేషన్లయ్యాయి. 'ఔట్ ఆఫ్ స్టేషన్' అనే మన వాడుక కూడా ఆ అధికారుల స్టేషన్ నుంచి వచ్చిందే. ఆ మాట ఇంగ్లండులో అంటే, రైల్వే స్టేషన్ బయట నిలబడ్డారేమో అనుకుంటారు! ఇక అంతరిక్షంలోని స్టేషన్ సంగతి మరీ వింత. అది దాదాపు గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తుంది. నిలబడటం నుంచి పుట్టిన మాట, క్షణమైనా నిలవని దానికి పేరయింది.

తెలుగు ఈ మాటను ఒక్కొక్క చోట ఒక్కొక్కలా అందుకుంది. రేడియో స్టేషన్ 'ఆకాశవాణి కేంద్రం'. పవర్ స్టేషన్ 'విద్యుత్ కేంద్రం'. హిల్ స్టేషన్ 'వేసవి విడిది'. రైలు దగ్గర మాత్రం 'స్టేషన్'నే ఉంచుకున్నాం. బెంగళూరుకు బదిలీ అయితే బస్సు 'నిల్దాణ' కనిపిస్తుంది. అందులోని 'నిల్' మన 'నిలుచు'కు చుట్టమే. చెన్నైలో రైలుకూ పోలీసుకూ రేడియోకూ కూడా 'నిలైయమ్' అనే రాస్తారు. మహారాష్ట్రలో అది 'స్థానక్'. సొంత ఊళ్లో స్థిరంగా ఉన్నవాళ్లు వీటిని పుస్తకంలో వెతుక్కోవాలి. మనకు బోర్డుల మీదే దొరుకుతాయి.

కాబట్టి మాటకు అర్థం నిఘంటువు ఒక్కటే ఇవ్వదు, పక్కనున్న మాట కూడా ఇస్తుంది. పోలీసు పక్కన ఒకలా, పవర్ పక్కన మరొకలా నిలిచినా స్టేషన్ తన మూలాన్ని పోగొట్టుకోలేదు. "మీది ఏ ఊరు?" అని ఎవరైనా అడిగితే మనలో చాలామంది తడబడతారు. పుట్టింది ఒకచోట, చదివేది ఇంకోచోట, తాతగారి ఊరు మరోచోట. ఏ ఊరికీ చెందని పిల్లలని మన మీద జాలిపడేవాళ్లూ ఉన్నారు. ఆ జాలి మనకు అక్కర్లేదు. ప్రతి ఊరూ మనకు ఒక అర్థాన్ని కలుపుతోంది.

అయితే మూలం దానంతటది నిలవదు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడి, తెలుగు అక్షరాలు చూడగానే ఆగిపోయేవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. మరో రెండు బదిలీలయ్యేసరికి ఆ మాటలు కూడా తగ్గిపోవచ్చు. అందుకే ఒక నోటుపుస్తకం పెట్టుకుందాం. కొత్త ఊరు చేరిన మొదటి వారంలోనే అక్కడి బోర్డుల మీది మాటలు పది తెలుసుకుని, వాటి పక్కన మన మాటలు తెలుగు లిపిలో రాసుకుందాం. సామాన్లు సర్దే రోజున అన్నిటికంటే తేలికగా సంచిలో పట్టేది ఆ పుస్తకమే.